గాజుల చోట అత్తరు

"యాడికి పోయొచ్చినారత్తా? దర్గాకా?" అని అడిగింది మా కోడలు, వంటింట్లోంచి వసారాలోకి వచ్చి గాలి పీలుస్తూ.

నేను ఎక్కడికీ పోలేదు. ప్రొద్దుటూరులో మా పక్కింటి ముస్లిముల అబ్బాయి కువైట్ నుంచి సెలవుకు వచ్చాడు. వాళ్లమ్మకు తెచ్చినవాటిలోంచి ఒక అత్తరు బుడ్డి నాకూ పంపించాడు. చిటికెనవేలంత బుడ్డి. మూత తీసి, ఏమీ ఆలోచించకుండానే మణికట్టు మీద ఒక చుక్క రాసుకున్నాను. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ చెయ్యి ఖాళీగానే ఉంది. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ముందు పాత చెక్కపెట్టె తెరిచిన వాసన, దాని వెనకే చెట్టుబంక నిప్పుల మీద పడినప్పుడు వచ్చే చేదు. ఊదు అత్తరు. మా చిన్నత్త గుర్తొచ్చింది. ఆమెతో పాటు పాత కడుపుమంట కూడా లేచింది. అది చల్లారలేదని ఆ పూటే నాకు తెలిసింది.

కోడలికి ఏం చెప్పానో చివర్లో చెబుతాను. ముందు చిన్నత్త సంగతి.

చిన్నత్త అంటే మా మామ తమ్ముడి భార్య. పులివెందుల పిల్ల. కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను జమ్మలమడుగు పక్కన పెన్నేటి ఒడ్డు ఊరికి కోడలిగా వచ్చాను. అప్పటికే ఆమె భర్త లేడు, పిల్లలు లేరు. బొట్టు లేదు, గాజులు లేవు, పూలు లేవు. ముప్పై దాటిందో లేదో. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు తీసేసి జనం ఇంకో పేరు పెట్టారు. అసలు పేరన్నా ఎవరి నోటా పడకుండా నా దగ్గర ఉండనీ.

ఆమెను తలుచుకుంటే మొహం కంటే ముందు ముక్కు గుర్తొస్తుంది. కొంచెం వంగిన కోసు ముక్కు. ఆ ముక్కుతోనే ఆమె లోకాన్ని చూసేది. మజ్జిగ కుండ మూత తీసి చూడకుండానే, "ఈ పొద్దు పులిసింది, అల్లం యెయ్" అనేది. కొత్త గోనెసంచులు వస్తే వాటిలోకి తల దూర్చేది. రేగడి చేల మీద తొలకరి పడితే, పొయ్యి మీద ఉన్నది మాడిపోతున్నా సరే, పెరట్లోకి పోయి నిలబడేది. ఒకసారి సంగటి అడుగంటి మా అత్త తిట్టిపోస్తే, "అక్కా, సంగటి రేపు గూడా చేసుకోవచ్చు. ఈ వాసన రేపుండదు" అంది. మా అత్తకు ఆ జవాబు అర్థం కాక ఇంకా కోపం వచ్చింది.

మల్లెపూలంటే ఆమెకు గిట్టేది కాదు. నా తలలో పూలు చూసి ముక్కు చిట్లించేది. "నీకు లేవని కుళ్లు" అని నేను మనసులో అనుకునేదాన్ని, కొత్త కోడలి తెలివి కదా. ఆ మాట నా మొహంలో కనిపించిందేమో, ఒకరోజు రోట్లో కారం దంచుతూ తనే చెప్పింది.

"పూలు పెట్టుకోగాకని నాకి సెప్పినప్పుడు నేనేం ఏడ్సలేదమ్మీ. నాకా వాసన తలనొప్పి. నాకి కావాల్సిన వాసన యేరే."

"ఏ వాసన చిన్నత్తా?"

"అది ఇంగా నాకే తెల్దు."

ఆ వాసన గాజుల గంపలో వచ్చింది.

మా ఊళ్లకు గాజులమ్మే ముసలామె జమ్మలమడుగు నుంచి నడిచి వచ్చేది. సాయిబులామె. గంప దించి తల్లీ పిల్లా అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకొని, ఒక్కొక్కరి చెయ్యి తన ఒళ్లో పెట్టుకొని పిసికి పిసికి గాజులు ఎక్కించేది. గాజులామె వచ్చిందంటే భర్త లేని ఆడవాళ్లు లేచి లోపలికి పోవాలి. ఎవరూ పొమ్మని చెప్పరు, వాళ్లంతట వాళ్లే పోతారు. చిన్నత్త కూడా చీపురో చేటో పట్టుకొని, అప్పుడే ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి నడిచేది.

ఆ రోజు ముసలామె పిలిచింది. "ఏయ్ బేటీ, యాడికి పోతాండావు? రా, కూసో."

"నాకి గాజుల్లేవు గదా జేజీ."

"గాజుల్లేకుంటే చెయ్యి గూడా లేదా? ఇంటికొచ్చి గంప దించినాక ఒకరి చెయ్యి పట్టుకోకుండా పోతే నా యాపారం చెడిపోతాది. మా అమ్మ నాటి నుంచి మాకు ఇదే పద్ధతి. రా."

మా అత్త కళ్లెర్రజేసింది గాని ముసలామె అటు చూడలేదు. చిన్నత్త చెయ్యి లాగి ఒళ్లో పెట్టుకుంది. గంప అడుగున గడ్డిలో గుడ్డతో చుట్టి పెట్టిన బుడ్డి తీసింది. సాయిబుల పెళ్లిళ్లకు అమ్మే ఊదు అత్తరది. బుడ్డికున్న గాజుపుల్లతో, గాజులుండాల్సిన చోట, మణికట్టు చుట్టూ ఒక గీత గీసింది. పూర్తిగా చుట్టూ తిప్పింది, గాజు తొడిగినట్టే.

చిన్నత్త చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కళ్లు మూసుకుంది. ఆమె మొహం అంత నెమ్మదిగా ఉండగా నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాత కూడా ఎక్కువ చూడలేదు. ఇంట్లోకి పోయి చేటెడు శనక్కాయలు తెచ్చి ముసలామె గంపలో పోసింది. బుడ్డి కొంగున ముడేసుకుంది.

అప్పటి నుంచి ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. పాలు పితుకుతూనో, పిడకలు చరుస్తూనో, ఉన్నట్టుండి ముక్కు తుడుచుకున్నట్టు మణికట్టు మొహానికి ఆనించుకునేది. ఒక్క క్షణం. మళ్లీ పనిలో పడేది. మా ఇంట్లో అంత పని చేసి అంత తక్కువ అడిగిన మనిషి ఇంకొకరు లేరు. ఆ ఒక్క క్షణం కూడా ఆమెకు దక్కకుండా చేసిన ఇల్లు మాది.

వాసన దాగేది కాదు కదా. మొదట మా అత్త పసిగట్టింది. తీగ మీద ఆరేసిన చీరలు ఒక్కొక్కటీ పట్టుకొని వాసన చూసింది. తర్వాత మామ చెవిన వేసింది. ఇక మామ అవస్థ చూడాలి. ఊరి పెద్ద. నలుగురూ చెప్పులు విడిచి మాట్లాడే మనిషి. అట్లాంటాయన అరుగు మీద కూర్చొని వచ్చినవాడినల్లా వాసన చూడ్డం మొదలుపెట్టాడు. తపాలా బంట్రోతు వస్తే, "ఇట్ల దగ్గరికి రాప్పా" అని భుజం మీద చెయ్యేసి మెడ దగ్గర ముక్కు పెట్టేవాడు. గొర్రెలు కొనను వచ్చిన బేరగాడిని అట్లాగే చూసి, ఆ కంపుకు తుమ్ములు తెచ్చుకున్నాడు. మేము వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకొని నవ్వుకున్నాం. చిన్నత్త అయితే గోడకు ఆనుకొని కూలబడింది. అదంతా తన మెడకు చుట్టుకోబోతోందని ఆమెకు ఇంకా తెలియదు.

అరుగు మీద ఎవరూ దొరక్కపోయేసరికి మామ నడిమింట్లో పంచాయితీ పెట్టాడు. తమ్ముడి భార్యతో ఆయన నేరుగా మాట్లాడడు. మర్యాదట. నడిమింట్లో ఒక కొయ్య స్తంభం ఉండేది, ఆమెతో చెప్పాల్సినవన్నీ దానితో చెప్పేవాడు.

"ఆ వాసన ఎవుడిచ్చినాడో సెప్పమను" అన్నాడు స్తంభంతో.

"గాజులామె ఇచ్చింది" అంది చిన్నత్త. "ఈయమ్మి గూడా చూసింది."

"చూసినా మామా" అన్నాను. నా మాట ఎవరు విన్నారు?

"ఇచ్చింది గాజులామే అయినా పంపింది ఎవుడు?"

"ఎవురూ పంపలేదు. నాకు బాగుంది, పూసుకుంటాండా."

దొంగతనం చేశానన్నా, పాపం చేశానన్నా వాళ్లకు అర్థమయ్యేది. బాగుండటం అనేది వాళ్లకు అందలేదు.

"బాగుండేదేందే?" అంది మా అత్త. "మొగుడు పోయినదానికి బాగుండేదేంది? పోనీ, మీ ఆయప్పను తల్సుకోని పూసుకుంటాండావా? ఆయప్ప పూసుకునేటోడా?"

అత్త ఆ మాట జాలిపడే అంది. ఔనంటే అంతటితో పోయేది. చిన్నత్తకు అబద్ధం చేతకాలేదు, అప్పటికింకా.

"ఆయప్ప కాడ బీడీల కంపు, గొర్రె కంపు. ఆయప్పను తల్సుకోను అత్తరు దేనికక్కా?" అని, మామ వైపు కాకుండా ఆ స్తంభం వైపే తిరిగి, "వాసనకు ముక్కుండాల గాని మొగుడుండాల్నా?" అని అడిగింది.

మామ స్తంభం మీద అరచేత్తో కొట్టాడు. పీర్ల పండుగలో పీర్లు ఏటికి పోయిన మర్నాడు బండి కట్టి ఈ మనిషిని పులివెందులకు తోలేయండి అన్నాడు. బుడ్డి లాక్కొని పెరట్లో బండ మీద పగలగొట్టాడు. అదేం లాభం? రోజుల తరబడి పెరడంతా అదే వాసన.

పులివెందులలో ఆమెకు ఉన్నది ఒక అన్న. వదినె ఈమెను గొడ్లకొట్టంలో పడుకోబెట్టే రకం. అది పెద్ద సంగతి కాదు. మొగుడు పోయిన ఆడదాన్ని అత్తగారిల్లు బండెక్కించి పంపిందంటే, ఎందుకు పంపిందో ఊరికి ఒకటే అర్థం. ఆ మాట పడితే ఇక ఆమె ఏ వాకిట్లోనూ తలెత్తి నిలబడే వీలుండదు. చిన్నత్త పెట్టె సర్దుకోలేదు, ఏడవలేదు. పగిలిన బుడ్డి కింద తడిసిన మట్టి గోటితో గీకి, చిన్న గుడ్డలో మూట కట్టుకుంది. నీళ్లతో తడిపి మణికట్టుకు రాసుకునేది.

పీర్లు ఏటికి పోయే రోజు మధ్యాహ్నం. మా ప్రాంతంలో పీర్ల పండుగకు సాయిబులు, కాపులు అని భేదం లేదు, అందరిదీ అదే సామి. పీరును ఎత్తుకున్న మనిషి పూనకంతో ఇంటింటి వాకిట్లో ఆగుతాడు. ఇల్లాలు బిందెతో అతని కాళ్ల మీద నీళ్లు పోసి, నిప్పుల మీద ఊదు వేసి పొగ పడుతుంది. ఆ రోజు పొద్దుటి నుంచి తుంపర. పిడకలు తడిసి నిప్పు అందుకోలేదు. తప్పెట్లు వీధి మలుపులోకి వచ్చేశాయి. మా అత్త చేతిలో ధూపం పాత్ర చల్లగా ఉంది, ఊదు పొడి అట్లాగే ఉంది. నేను పొయ్యి ఊదలేక చస్తున్నాను.

పీరు వాకిట్లోకి రానే వచ్చింది. చిన్నత్త పద్ధతి ప్రకారం అందరి వెనక, తలుపు చాటున నిలబడి ఉంది. పీరెత్తుకున్న మనిషి ఊగుతూ ఊగుతూ ఆగాడు. ముక్కెగరేశాడు.

"ఊదు ముందే యేసినారే! సామి సంతోషపడినాడు!" అని గట్టిగా అరిచాడు.

మా అత్త చేతిలోని పాత్ర చూసుకుంది. వీధిలోని జనమూ చూశారు. పొగ లేదు. నిప్పు లేదు. వాసన మాత్రం ఉంది. ఎవరో ముసలాయన చెంపలేసుకొని తలుపు వైపు చూపించాడు. "ఆయమ్మ కాడ నుంచి వస్తాంది!" తప్పెట్లు ఆగిపోయాయి.

మామ మొహం చూశాను. ఆ కాస్సేపట్లోనే ఆయన లెక్కలన్నీ వేసుకున్నాడు. ఈ వాసన ఎవడో సాయిబు పంపిందైతే ఇంటికి మచ్చ, సామిదైతే ఇంటికి గొప్ప. బండి కట్టనక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. "ఏడాది నుంచి వస్తాంది మా ఇంట్లో" అన్నాడు అందరికీ వినబడేటట్టు. "మేము బైట పెట్టలేదు. సామి తానే సెప్పుకున్యాడు." తర్వాత మా అత్తతో, "సామేనేమో అడుగు" అన్నాడు.

అత్త అడిగింది. "ఏమే, సామేనా?"

చిన్నత్త నా వైపు చూసింది. పొయ్యి బూడిద మొహం నిండా పూసుకొని నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. ఆమె ఏమి తూచుకుందో నాకు తెలుసు. నిజం ఒకసారి చెప్పి చూసింది. దానికి బండి వచ్చింది. వాకిట్లో చేతులు జోడించిన జనాన్ని చూసి, తల వంచి, "ఊ" అంది.

అంతే. పీరు ముందుకు కదిలింది. మామ ఆ బండి తోలేవాడిని పిలిచి, ఎద్దుల్ని చేలోకి తోలుకొని పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున బావి దగ్గర ఆమె నవ్వుతూనే ఉంది. "చూసినావా అమ్మీ, సామికి నా మణికట్టే దొరికిందంట!" నేనూ నవ్వాను. ఇంట్లో ఉండనిచ్చారు, వాసన ఉండనిచ్చారు, ఇంకేం కావాలి అనుకున్నాం ఇద్దరం.

గురువారం వాకిట్లోకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, జ్వరం వచ్చిన పిల్లను ఎత్తుకొని. తల మీద చెయ్యి పెట్టమన్నారు. పెట్టింది. పిల్లలకు జ్వరాలు వస్తాయి, పోతాయి. ఈ పిల్లకూ పోయింది. ఆ పై గురువారానికి వాకిలి నిండిపోయింది. ఇక చిన్నత్త గురువారాలు ఒక్కపొద్దు ఉండాలన్నారు. నడిమింట్లో చాప వేసి కూర్చోబెట్టారు. పాలు పితకడానికి పోతే సామమ్మ పేడలో చెయ్యి పెట్టకూడదన్నారు. గట్టిగా నవ్వితే మా అత్త "జనాలుండారు" అని గిల్లేది. ఆమె పేరు పోయింది, సామమ్మ మిగిలింది. గాజులామెను ఇంటి వైపు రానీయొద్దని మామ మనుషుల్ని పెట్టాడు. బుడ్డి సంగతి తెలిసిన నోరు కదా అది.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలవి. మామకు సమితిలో కుర్చీ కావాలి. గురువారం మా వాకిట్లో చేరే జనం చుట్టుపక్కల ఊళ్ల జనం. ఆయన లెక్క ఆయనకుంది. ఇటు చిన్నత్త మట్టి మూటలో వాసన అయిపోయింది. ఒక గురువారం జనం వచ్చారు గాని వాసన లేదు. గుసగుసలు మొదలయ్యాయి.

మరుసటి వారం మామ ప్రొద్దుటూరు పోయి వచ్చాడు. నేను నడిమింట్లో బియ్యం ఏరుతున్నాను. ఆయన అంగీ జేబులోంచి బుడ్డి తీశాడు. ఇంతకు ముందు తన చేత్తో పగలగొట్టిన దానిలాంటి బుడ్డే, ఇంకొంచెం పెద్దది. స్తంభం వైపు తిరగలేదు. అన్నేళ్లలో మొదటిసారి ఆమె మొహం చూసి మాట్లాడాడు.

"గురువారం జనాలొస్తారు. పూసుకో."

ఆ వాసన మోటుగా ఉండేది, గొంతులో దిగేది. మా అత్త దగ్గరుండి మణికట్లకే కాక మెడకు, జుట్టుకు, చీరె కొంగుకు పట్టించేది. గురువారం అయిపోయి జనం ఇళ్లకు పోగానే చిన్నత్త బావి దగ్గరికి పోయేది. చింతపండు, బూడిద కలిపి గిన్నెలు తోమినట్టు మణికట్లు తోముకునేది. తోలు ఎర్రబడి మండుతుంటే నేను ఆముదం రాసేదాన్ని. పాలు పితుకుతూ మణికట్టు ముక్కుకు ఆనించుకునే ఆ అలవాటు పోయింది. ఎవరైనా దగ్గరికి వస్తే రెండు చేతులూ కొంగు కింద దాచుకునే అలవాటు వచ్చింది.

ఒక్క ఆశ మాత్రం పెట్టుకుంది. "ఆ ముసిల్దానికి తెల్సు గదా, అది పూసిందేనని. ఒకసారి దాన్ని చూడాలమ్మీ" అనేది.

జమ్మలమడుగు సంతకు పోయినప్పుడు చూశాం. చెట్టు కింద గంప పెట్టుకొని కూర్చొని ఉంది గాజులామె, ఇంకా ముసలిదై. చిన్నత్త నన్ను విడిచి పరుగులాంటి నడకతో పోయి ఎదురుగా కూర్చుంది. ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపింది, ఒళ్లో పెట్టుకోమని.

ముసలామె ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకోలేదు. రెండు చేతులతో పట్టుకొని కళ్లకద్దుకుంది.

"జేజీ, నేనే" అంది చిన్నత్త. "నువ్వు పూసిందే గదా. మర్సిపోయినావా?"

"మర్సిపోలేదు తల్లీ. నేనే పూసినా. ఆ పొద్దు నిన్ను ఎందుకు పిల్సినానా అని శానా అనుకున్యా. సామే నా చేత పిలిపించినాడు. సామే పూయించినాడు. నా మనవరాలికి సంబంధం కుదరకుండా ఉండాది, ఒక్క మాట సెప్పు."

చిన్నత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. మనవరాలికి కుదురుతుందని చెప్పింది. అది కూడా చెప్పింది, మంచి మనిషి. తిరిగి వచ్చేటప్పుడు బండిలో చేతులు రెండూ కొంగు కింద దాచుకొని కూర్చుంది. పెన్నేటి ఇసుకలో దిగాక అంది, "ఇంగ నిజం తెల్సినదానివి నువ్వొక్కదానివేనమ్మీ. నువ్వు గూడా నన్ను మొక్కితే సంపుతా." ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు విన్నది అదే కడసారి.

రెండు వానాకాలాలు గడిచాక ఆమెకు విడవని జ్వరం పట్టుకుంది. జమ్మలమడుగులో ఆసుపత్రి ఉంది. బండిలో పోతే పూట లోపల చేరతాం. చిన్నత్త తనే అడిగింది, తీసుకుపొమ్మని. మా ఆయన ఎద్దుల్ని పట్టుకొచ్చాడు. మామ అరుగు దిగివచ్చాడు.

"సామి ఉండే ఒంటికి సూదేందిరా? అందురి జొరాలు తీసేదానికే జొరమొస్తే సూది యేపిచ్చినారంటే జనాలేమనుకుంటారు? సామి పరీచ్చ పెడతాండాడు. ఊదు యెయ్యండి."

లోపల మంచంలో నుంచి వినబడింది. "జొరం నాకి బావా. సామికి గాదు."

ఆ మాట అందరం విన్నాం. మామ విననట్టు స్తంభం వైపు నడిచాడు. మా ఆయన ఎద్దుల్ని మళ్లీ కొట్టంలో కట్టేశాడు. ఆయన నాకు మొగుడు, ఆయనతో కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను. ఆ పలుపు ముడివేసిన చేతుల్ని మాత్రం క్షమించలేదు. ఆయనకూ చెప్పాను ఆ సంగతి.

గది తలుపులు మూసి పగలూ రాత్రీ ఊదు పొగ వేశారు. దగ్గుతో ఆమె ఎగిరెగిరి పడేది. నేను తలుపు తెరిచేదాన్ని, అత్త మూసేది. ఒక మధ్యాహ్నం అత్త భోజనానికి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "అమ్మీ, నేను పోతే ఊదు యెయ్యొద్దని సెప్పు. పేడ వాసన రానీ, వాన వాసన రానీ, ఏదో ఒకటి. ఇది వద్దు." చెబుతానన్నాను. ఎంతో ఇష్టపడిన వాసనను అంతగా అసహ్యించుకుంటూ ఆమె మర్నాటికి పోయింది.

నేను చెప్పాను. చావుకు వచ్చిన జనం అందరిలో నిలబడి, ఆమె ఊదు వద్దన్నదని గట్టిగానే చెప్పాను. మా అత్త ఏడుస్తూ నన్ను పక్కకు లాగింది. "సామి మాటలు నీకేం తెల్సే?" అంది. ఊరూరి నుంచి గంపలతో ఊదు తెచ్చారు. పొగలో పీనుగ కనబడలేదు. చేను గట్టున గోరీ కట్టి సున్నం కొట్టారు. మామకు సమితిలో కుర్చీ వచ్చింది. ఇప్పటికీ గురువారాలు అక్కడ ఊదు వేస్తారని, బస్సులు దిగి జనం వస్తారని మా వాళ్లు గొప్పగా చెబుతుంటారు. సామమ్మ మహా భక్తురాలని, మొగుడు పోయాక మనసంతా దేవుడి మీదే పెట్టిందని పిల్లలకు చెబుతారు. ఆమెకు ఒక వాసన బాగుండింది, అంతేనని ఎవరికి చెప్పాలి?

ఇదుగో, మా కోడలు పక్కన నిలబడి ఉంది. చదువుకున్న పిల్ల. బ్యాంకులో ఉద్యోగం. నేనంటే అభిమానం. ఈ పిల్లకు చెప్పాలి అనుకున్నాను. ఎంత చిన్న మాట అది.

"యాడికీ పోలేదమ్మా" అన్నాను. "పక్కింటబ్బాయి అత్తరు పంపిచ్చినాడు. నాకు బాగుంది, పూసుకున్యా."

కోడలు నవ్వింది. నా ఖాళీ మణికట్టు వంక చూసింది, మళ్లీ నా మొహం చూసింది. ముద్దుగా నా భుజం పట్టుకొని ఊపింది.

"అట్లంటారేంది అత్తా! మీరు పూసుకునేదేంది? చెప్పండి, మామను తల్సుకోని దర్గాకు పోయొచ్చినారు గదా? నాతో చెప్తే ఏమైతాది?"

వసారాలో మేమిద్దరమే ఉన్నాం. బండి కట్టేవాళ్లు లేరు, బుడ్డి పగలగొట్టేవాళ్లు లేరు. అయినా ఇంకోసారి ఆ మాట చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

"ఊ" అన్నాను.

కోడలు నా చెయ్యి తీసుకొని కళ్లకద్దుకుంది.